అలొంజో పేరిట నాటిన చెట్టు

వెర్లీన్ ప్రూయిట్ నోటికి ఆ ఊళ్ళో ఎదురు లేదు. జార్జియాలోని ఆ చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి ఆమె. వెనక సీట్లో ఎవడు ఎవణ్ణి గిల్లాడో తల తిప్పకుండానే చెప్పేది. ఆ పిల్లలు ఇవాళ తాతలవుతున్నా, ఆమె ఎదురైతే చొక్కా గుండీలు సరిచేసుకుంటారు. అలాంటి మనిషి ఒక చెట్టు గురించి ఏడాదిగా నోరు విప్పలేక లోపల్లోపల ఉడికిపోతోంది.

చెట్టు కథ అలొంజో పోయిన నెలలోనే మొదలైంది. అలొంజో ఆమె భర్త. ఎవరింట్లోనైనా చావు జరిగితే న్యూ గిలియడ్ చర్చి వాళ్ళు ముందు వండుతారు. వేయించిన కోడి, చిలగడదుంప కూరి కాల్చే 'పై' అనే తీపి రొట్టె, మకరోనీ మోసుకొచ్చి ఫ్రిజ్ తలుపు పడనంతగా కుక్కుతారు. వండటం అయ్యాక కూడా చేతులు ఊరుకోవు కదా. చర్చి పెద్ద డీకన్ ఫెల్టన్ ముందుండి, తనకంటే పొడవున్న మాగ్నోలియా చెట్టొకటి లారీలో వేయించుకొచ్చాడు. పెరడంతా ఖాళీగా ఉండగా, సరిగ్గా అలొంజో కుర్చీ వేసుకునే చోటు చూసి నాటించాడు. నాటాక ప్రార్థన చేశాడు. డీకన్ ప్రార్థన మొదలెడితే పొయ్యి మీది అన్నం మాడి, కొత్తది వండుకునే వ్యవధి ఉంటుందని ఊళ్ళో అంటారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. వెర్లీన్ "థాంక్యూ" అంది. అక్కడే దొరికిపోయింది.

అలొంజో కుర్చీ పక్కనే ఎత్తైన స్తంభం ఉంది. దానికి అడ్డకర్రలు, ఆ కర్రలకు తెల్లరంగు వేసిన ఎండు సొరబుర్రలు. ఒక్కో బుర్రకు పిట్ట దూరేంత కంత. చలికాలం చివర్లో బ్రెజిల్ నుంచి సముద్రం దాటి వచ్చే మార్టిన్ పిట్టలకు అవే ఇళ్ళు. ఆ పిట్టల తీరే వేరు. మనుషులు పక్కన ఉండాలి, చెట్టు మాత్రం పక్కన ఉండకూడదు. కొమ్మల్లో డేగ నక్కి ఉంటుందని వాటి భయం. అందుకే అలొంజో ఆ స్తంభం దరిదాపుల్లో ఆకుకూర కంటే ఎత్తైనదేదీ బతకనివ్వలేదు. వెర్లీన్ గింజ నాటి పెంచుకున్న పీచు పండ్ల చెట్టును సైతం నరికేశాడు. ఆ వేసవంతా అతనితో ఆమెకి మాటా లేదు, అతనికి ఆ పండ్లతో చేసే తీపి కాబ్లరూ లేదు.

అలొంజోకి ఆ పిచ్చి అతని నాయనమ్మ దగ్గర అంటుకుంది. ఆవిడ పరాయివాడి పత్తి చేలో కూలి చేస్తూనే గుడిసె ముందు బుర్రలు కట్టేది. "చేను మనది కాదు, గుడిసె మనది కాదు. ఈ పిట్టలు మాత్రం తమంతట తాము మన గడప వెతుక్కుంటూ వచ్చాయిరా" అనేదట. సొంత నేల కొన్న రోజున అలొంజో ఇంటికి పునాది తియ్యకముందే స్తంభం పాతాడు.

ఏటా మొదటి మార్టిన్ రాగానే అతను కుర్చీలోంచి లేచి వీధంతా వినబడేలా తిట్టేవాడు. "ఇప్పుడా రావడం? ఏ చెరువు గట్టున కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నావు?" ఆ తిట్టు వింటేగాని ఊళ్ళోవాళ్ళు ఉన్ని కోట్లు పెట్టెలో పెట్టేవారు కాదు.

చెట్టు నాటాక వచ్చిన మొదటి ఫిబ్రవరిలో పిట్ట వచ్చింది. స్తంభం చుట్టూ తిరిగింది, చెట్టును చూసింది, వెళ్ళిపోయింది. వంటింటి కిటికీలోంచి అది చూసిన వెర్లీన్, సమాధి దగ్గర కూడా ఏడవని వెర్లీన్, సింకు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడాది బుర్రలన్నీ ఖాళీ. అసలు ఆమె నోట "అలొంజో చనిపోయాడు" అన్న మాట ఇంతవరకూ రాలేదు. ఎవరైనా ఫోన్ చేసి అతను కావాలంటే "పెరట్లో ఉన్నాడు" అనేది. పిట్టలూ రాకపోతే పెరట్లో ఎవరున్నట్టు?

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. చెట్టు తీయించమని చెప్పడానికి వెర్లీన్ డీకన్ ఇంటికి బయల్దేరి, ప్రతిసారీ ఆయన భార్య చేసిచ్చిన పై తీసుకుని తిరిగొచ్చింది.

"చెప్పావా?" అంది కంచె అవతలి నుంచి మోజెల్. చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు, పక్కింటి మనిషి కూడా.

"ఎలా చెప్పనే? ఆయన చెట్టుకి కొలతలు తీస్తున్నాడు. అలొంజో పేరుతో రాగి పలక కొట్టిస్తాడట."

"బస్సులో ఫెల్టన్ కొడుకుని చెవి పట్టుకుని దింపిన దానివి, ఫెల్టన్ దగ్గరికొచ్చేసరికి పిల్లివయ్యావు."

"కొడుకు నాకు పై పెట్టలేదే."

"మంచిది. పై తిను, పిట్టల్ని మర్చిపో" అని మోజెల్ లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట వెర్లీన్‌కి ముల్లులా దిగింది.

పలక బిగించే శనివారం చర్చి అంతా పెరట్లోకి దిగింది. ఆడవాళ్ళ టోపీలు ఒకదాన్ని మించి ఒకటి. మోజెల్ టోపీ వెనక నిలబడ్డ వాళ్ళకి చెట్టే కనబడలేదు. డీకన్ తల వంచి ప్రార్థన అందుకున్నాడు. ఆదాము దగ్గర మొదలెట్టి ఇంకా నోవహు దాకా కూడా రాలేదు, పైనుంచి గరగరమని కూత వినబడింది. వెర్లీన్ కళ్ళు తెరిచింది. నీలంగా మెరుస్తూ ఒక్క పిట్ట. బుర్ర దాకా వచ్చింది, రెక్క తిప్పింది, మాగ్నోలియాను చూసి దూరంగా కరెంటు తీగ మీద వాలింది.

ఇంక ఆగితే వెళ్ళిపోతుంది.

"బ్రదర్ ఫెల్టన్, ఆమెన్ అనండి" అంది వెర్లీన్. "అని, పార అందుకోండి."

న్యూ గిలియడ్ పుట్టాక డీకన్ ప్రార్థనను మధ్యలో ఆపినవాళ్ళు లేరు. టోపీలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

"సిస్టర్ వెర్లీన్, ఇది అలొంజో కోసం నాటిన చెట్టు" అన్నాడు డీకన్.

"తెలుసు బ్రదర్. మీ ప్రేమకి నేనెంత రుణపడ్డానో కూడా తెలుసు. కానీ అలొంజోయే ఉండి ఉంటే దీన్ని ఆ సాయంత్రమే నరికేవాడు. నమ్మకపోతే నా పీచు చెట్టునడగండి." తీగ మీది పిట్టను చూపించింది. "అదిగో, ఇంటికొచ్చి గుమ్మం బయట నిలబడిపోయింది."

డీకన్ తలెత్తి తీగ వైపు చూశాడు. తర్వాత కోటు విప్పి మోజెల్ చేతికిచ్చాడు. "ఏడాది నుంచీ ఈ మాట చెప్పకుండా మా పైలు తింటున్నారా?" అన్నాడు.

"బాగుంటాయి మరి" అంది వెర్లీన్.

మగవాళ్ళు ఇస్త్రీ ప్యాంట్లతోనే మట్టిలోకి దిగారు. మధ్యాహ్నానికి చెట్టు వేళ్ళతో సహా చర్చి ముంగిటికి చేరింది. అక్కడ డీకన్ ప్రార్థన మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. అది చెట్టుకి శిక్షో, జనానికి శిక్షో ఎవరూ అడగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా వెర్లీన్ కోటు కప్పుకుని అలొంజో కుర్చీలో కూర్చుంది. చెట్టు తీసిన చోట మన్ను ఇంకా తడిగా ఉంది. పిట్ట వచ్చింది. రెండు చుట్లు తిరిగి, పాత బుర్ర మీద వాలి, లోపలికి దూరి, కంతలోంచి తల బయటపెట్టింది.

వెర్లీన్ లేచి నిలబడింది. "ఇప్పుడా రావడం?" అని గట్టిగా అరిచింది. వీధి చివర ఎవరిదో కుక్క మొరిగింది.

పిట్ట ఇంకెవరి కోసమో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసింది.

"ఆయన చనిపోయాడు" అంది వెర్లీన్ మెల్లగా. కళ్ళు తుడుచుకుని, కుర్చీని స్తంభానికి ఇంకొంచెం దగ్గరగా లాక్కుంది. "ఇకనుంచి నీకు నా తిట్లే."