మునక లింగమ్మ

లింగమ్మ ఓబులేసు శవాన్ని పొలిమేరలో ఆపి, అతని కొడుకు చేత తన కాళ్లు పట్టించుకున్నాకే ఊళ్లోకి రానిచ్చిందని ఆళ్లగడ్డ సంతలో చెప్పుకుంటున్నారట. నంద్యాల చేరేసరికి ఆ మాటకు చెప్పు కూడా తొడిగారు: చెప్పుతో కొట్టిందట! నేను ఓబులేసు పక్కింటిదాన్ని. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెబుతానని ఊరంతా నన్ను ఎగతాళి చేస్తుంది కదా, ఇది కూడా నేనే చెబుతాను.

మాది ఆళ్లగడ్డకు, దొర్నిపాడుకు నడుమ చిన్న ఊరు. శ్రీశైలం డ్యాం నీళ్లు ఊళ్లను ముంచినప్పుడు నందికొట్కూరు వైపు నుంచి నలభై కుటుంబాలు వచ్చి మా ఊరి తూర్పున గుడిసెలు వేసుకున్నాయి. లింగమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. ఇల్లు లేకపోయినా పాత ఇంటి తలుపుచెక్క మోసుకొచ్చింది. వాళ్లకు మేం పెట్టిన పేరు మునకోళ్లు. లింగమ్మ మా చేలల్లో కలుపు తీసింది, మా కాన్పులకు నీళ్లు కాచింది. ఇక్కడే శేషయ్యను చేసుకుంది, ఇక్కడే ఇద్దరు కొడుకులను కన్నది. అయినా మాకు మునక లింగమ్మే.

శేషయ్య పాము కరిచి చనిపోయినప్పుడు ఊరి శ్మశానంలో గుంత తవ్వబోతే ఓబులేసు వచ్చి పార లాక్కున్నాడు.

"మునకోళ్లకు ఈడ మన్ను లేదు. మీ ఊరికి తీస్కపో."

"మా ఊరు నీళ్లల్లో ఉండాదప్పా. యాడికి తీస్కపోవాల?" అంది లింగమ్మ.

మేమంతా అక్కడే ఉన్నాం. అన్నింట్లో తలదూర్చే నేను ఆ రోజు ఇంటిదారి పట్టాను. శేషయ్యను కాలువ గట్టున పూడ్చారు. మూడేళ్లకు కాలువ వెడల్పు చేయడానికి వచ్చిన యంత్రం ఆ గట్టును తవ్వి లారీలకెత్తింది.

తర్వాత మా పాత ఇళ్లవాళ్లు పిల్లల చదువులని కొందరు, బోర్లు ఎండాయని కొందరు నంద్యాలకు, ఆళ్లగడ్డకు వెళ్లిపోయారు. అందరికంటే ముందు తాళం వేసింది ఓబులేసే. ఇప్పుడు పాత ఇళ్లలో పొయ్యి వెలిగేవి మూడు. తక్కిన ఊరంతా మునకోళ్లే.

పోయిన నెల ఓబులేసు కొడుకు శ్యాంసుందర్ తండ్రి శవాన్ని నంద్యాల నుంచి తెచ్చాడు. సొంతూరి మన్నులోనే పెట్టమని ముసలాయన మాట తీసుకున్నాడట. బండి పొలిమేరలో ఆగిన మాట నిజం. ఆపింది మాత్రం శ్యాంసుందరే. దిగి చూసుకుంటే పాడె మోయడానికి తనూ, వాళ్ల బావా, మోకాళ్లు పడిపోయిన మా ఇంటాయనా, ముగ్గురే!

అప్పుడే లింగమ్మ పార భుజాన వేసుకుని, కొడుకులను వెంటబెట్టుకుని వచ్చింది. శ్యాంసుందర్ తల వంచుకున్నాడు.

"పెద్దమ్మా, మా నాయన ఆ పొద్దు అనిన మాట..."

"మీ నాయన మాటలు మీ నాయనతోనే పూడుస్తాం లేప్పా. గుంత యాడ తవ్వాల్నో చూపియ్యి, బేగా."

ఆమె కొడుకులే తవ్వారు, వాళ్లే భుజం పట్టారు. కాళ్లు పట్టుకోవడమూ లేదు, చెప్పూ లేదు.

అంతా అయ్యాక లింగమ్మ మా ఇంటి కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. నేను ఉండబట్టలేకపోయాను.

"నిజం చెప్పే లింగమ్మా. అడ్డం పడేదానికే వచ్చినావు గదా? ఎందుకిడిస్తివి?"

"అడ్డం పడాలనే వచ్చినా అక్కా. మోసేదానికి నలుగురు లేరని ఆడికొచ్చినాక చూసినా. మమ్మల్ని ముంచేదానికి అంత డ్యాం కట్టాల్సొచ్చె. మీరు నీళ్లు రాకనే మునిగినారు."