నరసమ్మ సాక్ష్యం కోసం తెలుక్ ఆన్సన్ దాకా

కౌలాలంపూర్ కోర్టులో నేను దుబాసీని. బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి తోటలో కూలీలు కూలి పెంచమని పని మానేశారు. పోలీసులు కాల్చారు, ఒకడు పోయాడు. దానిపై సర్కారు విచారణ పెట్టి, తెలుగు సాక్షుల కోసం నన్ను పంపింది.

ఉదయం ఎనిమిదింటికి రైలెక్కాను. వెళ్ళేవారికో మాట: తాపా రోడ్డు స్టేషన్లో బండి మారాలి. అక్కడి కాఫీకి ఆశపడకండి, మంచినీళ్ళే నయం. రెండో బండిలో పక్కన కూర్చున్న తోట మేస్త్రీ నా పని విని నవ్వాడు.

"కంచే సేను మేసినాక కంచెనే అడుగుతారేటి బాబూ?"

నేను కిటికీ వైపు తిరిగాను. సర్కారు ఉప్పు తింటున్నవాణ్ణి.

మూడింటికి తెలుక్ ఆన్సన్‌లో దిగాను. సర్కారు బంగళాలో ముందు గదులు దొరలకి, వెనక గది నాకు. దొరలకు నేను నల్లవాణ్ణి, కూలీలకు దొరల మనిషిని. చేపల కూర, అన్నం ఒక్కణ్ణే తిన్నాను. పలకరించే దిక్కు లేక ఊరు చాలా పెద్దదనిపించింది.

మర్నాడు పదింటికి విచారణ. విచారణ జరిపే పెద్ద దొర ముందే హెచ్చరించాడు: సాక్షి మాట తప్ప నీ వివరణలు అక్కర్లేదు. పోయినవాడు కత్తెత్తి మీదికొచ్చాడని పోలీసులు చెప్పారు. అతను కూర్చుని అన్నం తింటుండగా కాల్చడం చూసినది అతని భార్య నరసమ్మ ఒక్కతే. ఆ సంగతి పొద్దున్నే వరండాలో నాకు చెప్పింది కూడా.

"నీ భర్త పేరు?" అన్నాడు దొర.

ఆమె పైట నోటికడ్డం పెట్టుకుంది. "ఆ పేరు నానెత్తకూడదు బాబూ. మా పెద్దోడి అయ్య."

మన ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు దొర ముందున్న కాగితం మీదే ఉంది. ఆమె అన్నది మాత్రం ఇంగ్లీషులో అప్పజెప్పి ఊరుకున్నాను. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అదే మాట. "సాక్షి జవాబు చెప్పనంటోంది" అని రాయించి పంపేశాడు. ఇది మా ఆచారం అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

మధ్యాహ్నం రేవులో కనిపించింది. "మా పెద్దోడి అయ్య కూకుని బువ్వ తింతన్నాడని నన్ను సెప్పనియ్యలేదు. నువ్వు సెప్పినావా బాబూ?"

"చెప్పానమ్మా."

"సల్లగుండు నాయినా" అని దణ్ణం పెట్టి లాంచీ ఎక్కింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తిరుగు బండిలో నా పెట్టెలో ఎవరూ లేరు. ఊరు మంచిదే, నది చూడదగ్గది, వెళ్ళిరండి. నాకు మళ్ళీ ఆ దారిన పోయే మొహం లేదు. బండి కదిలాక గట్టిగా అన్నాను: "అప్పలస్వామి." ఆ పేరు పలకడానికి నాకే ఆచారమూ అడ్డు లేదు.