ఆఖరి పేజీ లేని ఉదారహృదయుడు

మా ఇంట్లో తెలుగు కథల పుస్తకం ఒక్కటే ఉండేది. దానికి ముందు అట్ట ఉంది. వెనక అట్టా, చివరి కథ ముగింపూ లేవు. నాన్నకు రాయపూర్ రైల్వేలో ఉద్యోగం దొరికి శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు, మా మేనత్త ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పుస్తకమది. ఆ పేజీలు దారిలో పకోడీల పొట్లాలయ్యాయని అమ్మ అంటుంది. అత్త ఒప్పుకోదు.

నేను బడిలో హిందీ, గుఢియారీ బజార్లో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో అన్నీ కలిపిన పులుసు మాట్లాడేదాన్ని. అసలు తెలుగు నాకు పట్టించింది అత్తే. మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ నాచేత కథ చదివించేది. తెలియని మాట తగిలితే అర్థం చెప్పేది కాదు.

"ముందు ఎవుల మీదైనా వాడీ. ఆల మొకం సూస్తే నీకే తెలుస్తాది" అనేది.

ఆ పద్ధతిలో పాలవాడిని "మహాశయా" అని పిలిచాను. ఆ వారమంతా పాలు చిక్కగా వచ్చాయి.

అన్నిటికంటే ఆ చివరి కథంటే నాకు ప్రాణం. అందులో ఒక ఊరి పెద్ద. రచయిత ఆయన్ని ఉదారహృదయుడనీ, ఆశ్రితవత్సలుడనీ పేజీలకొద్దీ పొగుడుతాడు. "ఆయన గుమ్మం తొక్కినవారెవ్వరూ ఆకలితో వెనుదిరగలేదు" అన్న వాక్యం దగ్గర మా పుస్తకం అయిపోతుంది. అక్కడికి రాగానే అత్త చేటలో ముఖం పెట్టుకుని నవ్వేది. మంచివాళ్ల సంగతి వింటే అత్తకు సంతోషం కాబోలు అనుకునేదాన్ని.

"తరవాత ఏటైందత్తా?"

"సంఘం బీరువాలో ఈ పుస్తకం పూర్తిగా ఉందట. తే, సూద్దాం."

అదే చిక్కు. మా కాలనీ తెలుగు సంఘం బీరువా తాళంచెవి కార్యదర్శిగారి నడుముకే ఉండేది. పుస్తకాలు నలిగిపోతాయని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. "దూర్ సే దర్శన్ చేసుకోమ్మా, పుణ్యం వస్తుంది" అని అద్దంలోంచి చూపించి పంపేసేవారు.

చివరికి ఉగాది సభలో పిల్లల తరఫున రెండు ముక్కలు మాట్లాడే అవకాశం వచ్చింది. పొగిడితే పుస్తకం రాకపోతుందా అనుకున్నాను. నాకు తెలిసిన పొగడ్తలన్నీ ఆ ఒక్క కథలోనివే. అత్తకు కూడా చెప్పకుండా కంఠతా పట్టి, మైకు ముందు నిలబడి అప్పజెప్పేశాను:

"ఉదారహృదయులూ, ఆశ్రితవత్సలులూ అయిన మన కార్యదర్శిగారి బీరువా తెరిచినవారెవ్వరూ పుస్తకం లేకుండా వెనుదిరగలేదు."

హాలు గొల్లుమంది. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. "అరే, ఈ పిల్ల భలే చురక వేసిందిరా!" అన్నారింకెవరో. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్లెందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. పుస్తకం ఇక దక్కదని మాత్రం తెలిసి ఏడుపొచ్చింది.

కార్యదర్శిగారు కళ్లు తుడుచుకుంటూ లేచారు.

"ఇన్నేళ్లలో నా గురించి ఒక్కరూ ఇంత మాట అనలేదమ్మా! చెప్పు, నీకే పుస్తకం కావాలి?"

అంతమందిలో నా మాటను నేనన్నట్టుగానే అందుకున్నది ఆయనొక్కరే.

ఇంటికి రాగానే ఆత్రంగా ఆఖరి పేజీ తీశాను. "ఎందుకంటే, ఆ గుమ్మం తొక్కే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు" అని ఉంది. మళ్లీ చదివాను.

"అత్తా, నేనాయన్ని తిట్టీసినానా?"

"తిట్టీసినావు. అందరి మొకాలూ సూసినావు కదా, ఇప్పుడు తెలిసిందా అర్థం?"

మర్నాటి నుంచే కాలనీ ఆడవాళ్లు "ఉదారహృదయులు ఉన్నారా?" అంటూ బీరువా ముందు చేరడం మొదలుపెట్టారు. అంత బిరుదు మెడలో పడ్డాక ఆయనకు తాళం వేయడానికి చెయ్యి రాలేదు. మరుసటి ఉగాదికి ఆయనే పట్టుబట్టి నాచేత అదే వాక్యం చెప్పించారు. ఈసారి నాకు అర్థం తెలుసు. కావాలనే గొంతు సాగదీసి, నవ్వులకోసం ఆగాను.

ఒక్కరూ నవ్వలేదు. నిజమే కదా అన్నట్టు అందరూ తలలూపారు.

దిగి వచ్చి పక్కన కూర్చుంటే అత్త నా చెవిలో గొణిగింది: "బంగారంలాటి ఎటకారం! నిజం సేసి పాడు సేసినావు కదే!"