ఎర్రటోపీ కోసం

ఎయిర్‌ఫోర్సు పోలీసులో చేరితే ఒంటికి మట్టి అంటదని మావయ్య అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మట్టి అంటకుండా బతకాలని నేనెప్పుడు అడిగాను?

అది చైనా యుద్ధం అయిన మరుసటేడు. మిలిటరీకి వేరే పోలీసులుంటారని దివిసీమలో మా పేటవాళ్ళెవరికీ తెలియదు. నాకూ బెజవాడ రైల్వే స్టేషన్‌లోనే తెలిసింది. ఎర్రటోపీ పెట్టుకున్న సన్నపాటి మనిషొకడు, భుజం మీద నక్షత్రాలున్న ఆఫీసరుకి సెల్యూట్ కొట్టి, కాగితాలు చూపించమన్నాడు. ఆఫీసరు కసురుకోలేదు. జేబులోంచి తీసి చూపించాడు.

మా నాన్న అప్పటికీ కరణంగారి అరుగు ముందు సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాడు. పెద్దవాణ్ణి నడిబజార్లో నిలబెట్టి అడిగే ఉద్యోగం లోకంలో ఒకటుందని తెలిశాక ఇంకో ఉద్యోగం మీద నాకు మనసెలా పోతుంది?

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. బందరులో బంట్రోతు. మూడు దళాల సంగతులూ వాకబు చేసుకొచ్చాడు. ఎయిర్‌ఫోర్సులో నా ఎస్సెల్సీకి నేరుగా పోలీసు పనే ఇస్తారు. నేవీలో ముందు ఓడ మీద చాకిరీ చేయాలి. ఆర్మీలో మామూలు సిపాయిగా చేరి, కొన్నేళ్ళు చేసి, పైవాళ్ళు సరేనంటేనే ఎర్రటోపీ.

"ఎయిర్‌ఫోర్సులోనూ గేటు దగ్గర ఆఫీసర్లను ఆపుతారంటరా అల్లుడూ," అన్నాడు మావయ్య.

"గోడ లోపల ఆపితే ఎవడు చూస్తాడు మావయ్యా? నేను రోడ్డు మీద ఆపాలి."

"ఈలోగా మళ్ళీ యుద్ధమొస్తే?"

"వస్తే వస్తుంది."

అమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింటోంది. నేను ఒక్కగానొక్క కొడుకుని. అయినా ఆ మాట ఆమె ఎత్తలేదు. "దేవుణ్ణే అడుగుదాం," అంది అంతే.

మాలో అదొక అలవాటు. ఎటూ తేలని సంగతి వస్తే ఉపవాసం ఉండి, చీట్లు రాసి బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీస్తారు. వచ్చిన చీటీయే దేవుడి మాట. దానికి ఎదురు చెప్పినవాణ్ణి నేనెరగను. ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. అమ్మకి చదువు రాదు కాబట్టి చీట్లు మావయ్య రాసుకొచ్చాడు. పాస్టరుగారు చాలాసేపు ప్రార్థన చేశారు. అమ్మ కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసింది.

ఎయిర్‌ఫోర్సు.

అందరూ స్తోత్రం అన్నారు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. దేవుడికి కూడా నేను గోడ లోపలే ఉండాలా? నేవీ చీటీ వచ్చినా ఇంత మండేది కాదేమో. మిగిలిన రెండింట్లో నాకు దక్కని ఆర్మీ చీటీని చించి పారేద్దామని బైబిల్లో చెయ్యి పెట్టాను. ఒకటి విప్పాను. ఎయిర్‌ఫోర్సు. రెండోదీ విప్పాను. అదీ ఎయిర్‌ఫోర్సే.

పాస్టరుగారు మావయ్య వైపు తిరిగారు. మావయ్య తల వంచుకున్నాడు.

"వాణ్ణేమీ అనకు. నేనే రాయించాను," అంది అమ్మ.

"దేవుడి పేరు చెప్పి మోసమా అమ్మా?"

"ఆయన తన కొడుకుని ఇచ్చుకున్నాడు. నేను ఇవ్వను."

నా మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది. తెలిసినా నేను మారలేదు. ఆ వారంలోనే బందరు వెళ్ళి ఆర్మీలో సంతకం పెట్టాను. అమ్మ గుమ్మం దాకా కూడా రాలేదు.

రెండేళ్ళకి పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. నేను సరిహద్దులోనే ఉన్నాను. బతికాను. ఇంకో రెండేళ్ళకి ఎర్రటోపీ వచ్చింది. అంబాలాలో ఒక కర్నలుగారి జీపుని నడిరోడ్డు మీద ఆపి కాగితాలు అడిగాను. నా ఎంపిక తప్పని ఈనాటికీ ఎవరి దగ్గరా ఒప్పుకోను.

ఆ ఏడే సెలవు మీద ఇంటికొచ్చాను. ఆదివారం గుడిలో అందరూ లేచి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళారు. చేసిన తప్పుకి పశ్చాత్తాపపడినవాళ్ళే అక్కడి రొట్టే రసమూ ముట్టుకోవాలని మాలో నియమం. అమ్మ ఒక్కతే చాప మీద కూర్చుండిపోయింది. రొట్టె తీసుకోలేదు, ద్రాక్షారసం తీసుకోలేదు. నేను వెళ్ళిన నాటినుంచీ ఇంతేనని నాన్న చెప్పాడు.

ఇంటికి నడుస్తూ అన్నాను, "ఆ చీట్ల సంగతి ఎప్పటిదో కదమ్మా. నేను బాగానే వచ్చాను కదా. తప్పయిందని దేవుడితో ఒక్క మాట చెప్పుకో, అయిపోతుంది."

"ఎలా చెప్పనురా? మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ రాయిస్తాను," అంది అమ్మ. "అది మనసులో పెట్టుకుని ఆయన బల్ల ముట్టుకోమంటావా?"