ఎర్ర సీట్ల కారు

కొత్త రెక్సిన్ ఎండకి కాగితే ఒక ఘాటు వాసన వస్తుంది. మొన్న లమ్మడా పేటలో బస్సు దిగుతుంటే పక్కనే ఆగిన టాక్సీలోంచి ఆ వాసనే గుప్పుమంది. నలుగురిలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను. కంట్లో దుమ్ము పడిందనుకుని ఉంటారు, అనుకోనీ.

సింహాద్రి మేస్త్రి షెడ్డు ఆ వీధిలోనే ఉండేది. తాతల నాడు గంజాం నుంచి బర్మా వచ్చిన కుటుంబం వాళ్లది. ఆయన దగ్గర నేను కారు సీట్లు కుట్టేదాన్ని. మా అమ్మ తెలుగు, నాన్న బర్మీయుడు. తెలుగు సగం అర్థమయ్యేది, మాట్లాడటానికి సిగ్గు. ఆయన తెలుగులో అడిగితే నేను బర్మీసులో జవాబిచ్చేదాన్ని. "మ సాన్, ఒక్క మాట తెలుగులో అంటే నోరు పడిపోద్దేటే?" అని ఆటపట్టించేవారు.

అరవైల నాటి అమెరికా కారొకటి, టాపు మడిచే రకం, తుప్పు పట్టి బాగుకోసం ఆయన చేతికొచ్చింది. రెండేళ్లు కూర్చుని రేకు రేకూ సరిచేసి నీలం రంగు వేశారు. మా ఊళ్లో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, చాలా కార్లకి స్టీరింగు కూడా కుడివైపే. దీనికి మాత్రం ఎడమ. "ఈ రోడ్డుకి సరిగ్గా పుట్టిన కారు ఇదొక్కటేనే" అని మురిసిపోయేవారు. పని అయ్యాక టాపు దించి, నది అవతల ట్వంటే ఊళ్లో ఉన్న తన అక్క ఇంటిదాకా ఒక్కసారి తోలాలని ఆయన కోరిక. కారు యజమాని సరేనన్నాడు. ఆయన తనకోసం ఇంకేమైనా అడగడం నేనెరగను.

సీట్ల వంతు వచ్చేసరికి మేస్త్రి జ్వరంతో ఇంట్లో పడుకున్నారు. షెడ్డులో రెండు రెక్సిన్ చుట్టలున్నాయి, నల్లదీ ఎర్రదీ. ఫోన్ చేసి, "సీట్లకి ఏది?" అని బర్మీసులో అడిగాను. జ్వరం మత్తులో, ఏ సీట్లు కుట్టాలని అడుగుతున్నాననుకున్నారు పాపం. "అన్నీ కుట్టీ, అన్నీ" అన్నారు. బర్మీసులో 'అనీ' అంటే ఎరుపు. నాలుగు రోజుల్లో ఎర్రగా కుట్టేశాను. అంత బాగా మళ్లీ ఎప్పుడూ కుట్టలేదు.

జ్వరం తగ్గి మేస్త్రి షెడ్డుకొచ్చిన రోజే యజమాని వచ్చి, చూసి మండిపడ్డాడు. మొదట్లో ఉన్నట్టే నల్లవి కావాలని మేస్త్రికి ముందే చెప్పాడట. "ఎవరి తెలివి ఇది?" అని అరిచాడు. "ఎరుపని మేస్త్రే అన్నారు" అని సణిగాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. ఆ చూపులో నాకూ అర్థమైపోయింది, ఏ మాటని ఏమని విన్నానో. "అవును, నేనే అన్నాను" అన్నారు ఆయన. పని పోతుందన్న భయంతో నేను నోరు మెదపలేదు.

మర్నాడే యజమాని కారుని లారీ ఎక్కించి వేరే షెడ్డుకి పట్టుకుపోయాడు. "పోనీలేవే, పెళ్లికూతురిలాగ ఎర్రగా ఎల్లింది" అని నవ్వారు మేస్త్రి. ట్వంటే ఊసు మళ్లీ ఎత్తలేదు. మరుసటి వానాకాలానికి ఆయనే లేరు.

ఆ తరవాత ఆయన భార్య దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. తప్పుల్లేకుండా రాసిన మొదటి వాక్యం 'ఆ తప్పు నాది'. జరిగిందంతా ఆవిడకి చెప్పాను.

"ఆయనకి తెల్దేటమ్మా? సెప్పుకోడానికి ఆ పిల్లకి తెలుగు సాలదు, అందుకే ఊరుకుంది అనీవోరు" అంది.

అలా నన్ను వెనకేసుకొచ్చిన మనిషి మా ఊళ్లోనే పుట్టి పెరిగారు. బర్మీసు ఆయనకి నాకంటే బాగా వచ్చేది.