ఉప్పునీళ్ళు తాగిన కానుగ మొక్క

మా చిన్నప్పుడు... పాలకొల్లులో మా వీధిలో నిలబడటానికి నీడ ఉండేది కాదు. కాన్వెంటు రిక్షా కోసం ఎండలోనే ఎదురుచూసేవాళ్ళం. అది చూడలేక మా నాన్నమ్మ వీధి మలుపులో ఒక కానుగ మొక్క నాటింది. మేకలు తినకుండా చుట్టూ తాటాకు దడి కట్టించింది.

"బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు కాలవలో పారబోయకండమ్మా... చుక్క మిగిలినా మొక్కకే" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"మా అత్తగారికి కూడా ఇన్ని సేవలు చెయ్యలేదండి మామ్మగారూ!" అనేది ఎదురింటి విమల పిన్ని, తపేలా పట్టుకొచ్చి.

"మీ అత్తగారు నీడనిస్తుందా ఏంటే?" అనేది నాన్నమ్మ.

ఏడాది తిరిగేసరికి మొక్క నా భుజం దాటింది. "నేనుండగా ఒక్క వేసవైనా దీని కింద కుర్చీ వేసుకోవాలి" అనేది నాన్నమ్మ... అప్పటికే ఆవిడకి ఆయాసం.

మళ్ళీ వేసవి వచ్చింది. కొత్తావకాయ పెట్టాలని వీధిలో అందరూ పాత జాడీలు దింపి కడిగారు. చెప్పిన మాట వినే వీధి మాది... ఆ ఉప్పునీళ్ళు కూడా పారబోయకుండా తెచ్చి మొక్కకే పోశారు.

ముందు ఆకుల అంచులు మాడాయి. తర్వాత అన్నీ రాలాయి.

ఉప్పు వల్లే చచ్చిందని తెలిసి విమల పిన్ని మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "నేనే చంపేశానండీ మామ్మగారూ..."

"ఊరుకోవే. ముందు పోసింది నేనే" అంది నాన్నమ్మ.

మా జాడీ అప్పటికింకా అటక దిగనే లేదు. అమ్మకి తెలుసు, నాకూ తెలుసు.

తొలకరికి పిన్నీ వాళ్ళు ఇంకో కానుగ మొక్క తెచ్చి అక్కడే నాటారు. నాన్నమ్మ మంచం మీంచి, కిటికీలోంచి చూసింది. ఆ కార్తీకం దాటలేదు.

మేము ఆ ఊరు వదిలేసి చాలా కాలమైంది. మొన్న వెళ్ళాను... చెట్టు వీధికి అడ్డంగా విస్తరించింది. మొదలు దాకా సిమెంటు. నీళ్ళు పోసేవాళ్ళూ లేరు, పోసే చోటూ లేదు. కింద బళ్ళు పెట్టుకుంటున్నారు. నీడలో ఒకమ్మాయి ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంది. ఇది ఎవరి చెట్టో చెబుదామనుకున్నాను... చెప్పకుండానే వచ్చేశాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా నాన్నమ్మ పేరు మహలక్ష్మి.

మీ వీధి చెట్టుకి నీళ్ళు మోసింది ఎవరు? గుర్తుంటే పేరు రాయండి... మన తర్వాత చెప్పేవాళ్ళుండరు.