ఈశాన్యం మూల ఇంకుడుగుంత

ఈ పొద్దు మీరు స్నానం చేసిన నీళ్లు ఎటు పోయాయో చెప్పగలరా? "మోరీలోకి" అని తప్పించుకోకండి. మోరీ తర్వాత ఎటు?

ఈ ప్రశ్న నన్ను నర్మెట్టలో మా అక్క ఇంట్లో పట్టుకుంది. ఏడాది నిండని ఆమె మనవరాలికి నెలలో మూడోసారి విరేచనాలు. జనగామ దవాఖానలో డాక్టరు మందు రాసి, "నీళ్లు ఎక్కడివో చూసుకోండి" అన్నాడు. అక్క ఇంటికి రాగానే దిష్టి తీసింది. నేను నీళ్లు చూశాను.

వాకిట్లో మురికి నిలవకుండా బావ ఇంకుడుగుంత తవ్వించాడు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆ పైన ఇసుక. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు, పసిదాని గుడ్డలు పిండిన నీళ్లు అన్నీ అందులోకే. మట్టి ఆ మురికిని పట్టి ఉంచుకుంటుంది, కానీ దానికి దూరం కావాలి. అక్కడేమో మొరం నేల, నీళ్లు ఆగవు. లోతు లేని పాత బోరు ఈశాన్యం మూల ఉంటే, దానికి నాలుగు అంగల్లోనే గుంత.

"నీళ్లకు ఈశాన్యమే జాగ, బామ్మర్ది," అన్నాడు బావ.

"అవి తాగే నీళ్లు బావా. ఇవి మురికి నీళ్లు."

"నీళ్లు నీళ్లే గదా! నీకు దేవుడే లేడాయె, ఇగ దిక్కులేం తెలుస్తయి?"

అక్క నవ్వింది. నాకు సిగ్గేసింది. ఏళ్ల తరబడి ఊరూరా వేదికలెక్కి వాస్తును దుమ్మెత్తిపోసినవాణ్ణి. ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ బోరు నీళ్లే తాగాను, ఈ మూల వైపు ఒక్కనాడూ చూడలేదు.

ఇక వాదించలేదు. పాపకు పక్కింటి నీళ్లు తెచ్చి కాచి పట్టమని అక్కకు చెప్పి, అందరూ చూస్తుండగా బస్తా గల్లుప్పు కరిగించి గుంతలో పోశాను.

"పొయ్యి, పొయ్యి. నీ ఉప్పు మా బోరును ముడితే మీసం తీసేస్త!"

రెండు రోజులు ఏమీ కాలేదు. పాప ఏడ్చినప్పుడల్లా ఉలిక్కిపడుతూ వాకిట్లో తిరిగాను. మూడోనాడు మధ్యాహ్నం బావ ముద్ద నోట్లో పెట్టుకొని మొహం చిట్లించాడు.

"ఏందే, పప్పుల గింత ఉప్పు గుమ్మరిచ్చినవ్?"

అక్క గరిటె పట్టుకొని అట్లే నిలబడింది. "నేనింక ఉప్పే ఎయ్యలే."

బావ చెయ్యి మీసం దాకా పోయి ఆగింది. "సరే, అమాస పోయినంక గుంత మారుద్దాం," అన్నాడు.

"పిల్ల కడుపు అమాస దాక ఆగుతదా?"

అంటూనే అక్క గడ్డపార తీసుకొని ఇంటి వెనక్కి, బోరుకు అందనంత దూరం నడిచింది. బావ చెయ్యి కడుక్కొని, పార వెతుక్కుంటూ వెనకాలే పోయాడు.

సాయంత్రం జనగామ బస్సులో దారిపొడుగునా ఇళ్ల మూలలే చూశాను. ఇల్లు చేరి బాత్రూంలో కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది: ఈ నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో నాకూ తెలియదు.

రేపు పొద్దున్నే మీ మురికినీళ్ల వెంట నడవండి. నేనూ నడుస్తాను. గుంతకూ బోరుకూ మధ్య ఎన్ని అంగలో కొలవండి. దగ్గరుంటే పంచాంగం తెరవకండి. గడ్డపార పట్టండి.